ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది

ఆ ఎండాకాలం నేను మళ్ళీ బెంచీ ఎక్కాను. ఏడో క్లాసు మధ్యలో దిగిపోయిన బెంచీ. అప్పుడు మాస్టారంటే వణుకు. ఇప్పుడు మాస్టారు మా బావమరిది. నా పెళ్ళినాటికి వాడు నిక్కరు వేసుకుని ముక్కు తుడుచుకుంటూ తిరిగేవాడు.

మెడికల్ షాపు పైన ఒక్క గది. మెట్లెక్కుతుంటేనే మందుల వాసన. గది నిండా మీసాలు సరిగ్గా మొలవని కుర్రాళ్ళు, చెవుల్లో తీగలు పెట్టుకున్న ఆడపిల్లలు. అక్కడ మా బావమరిది ఇంగ్లీషు పరీక్షకి తర్ఫీదు ఇస్తాడు. మొదటిరోజు నేను గుమ్మంలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు, కొత్త మాస్టారు అనుకుని. నేను పోయి వెనక బెంచీలో సర్దుకున్నాక గానీ వాళ్ళకి అర్థం కాలేదు.

"అంకుల్, మీరు కూడానా?" అన్నాడొకడు.

"కాదు నాయనా. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చా," అన్నాను.

గదంతా నవ్వింది. మా బావమరిది మాత్రం నవ్వలేదు. "బావా, ఇక్కడ ఇంగ్లీషులో మాట్లాడాలి," అన్నాడు. దాంతో నా నోరు మూతపడింది.

నా పని మోటార్లు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగి తీగంతా లాగి పారేసి, కొత్త తీగ చుట్టి, గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాను. ఎండలు ముదిరితే ఊరందరి మోటార్లూ కాలతాయి. అందరూ ఎండని తిట్టుకునే రోజుల్లో నేనొక్కణ్ణే దానికి దణ్ణం పెట్టుకుంటాను. అలాంటి రోజుల్లో రోజూ సగం పూట కొట్టు మూసి ఈ పిల్లకాయల మధ్య కూర్చున్నానంటే, అది మా ఆవిడ కోసం.

మా ఆవిడ అప్పటికి రెండేళ్ళుగా సముద్రం అవతల ఓ చలిదేశంలో ఉంది. ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం. లేవలేనివాళ్ళని లేపడం, తినలేనివాళ్ళకి తినిపించడం, ఎవరూ చూడ్డానికి రానివాళ్ళ పక్కన కాసేపు కూర్చోవడం. పిల్లల్లేరు మాకు. ఉన్నది ఇద్దరం. ఒకరం అక్కడ, ఒకరం ఇక్కడ. ఆ ఏడు వాళ్ళ ఆఫీసువాళ్ళు భర్తని తెచ్చుకోవచ్చన్నారు. కాకపోతే ఆ భర్తగారికి ఇంగ్లీషు రాయడం, మాట్లాడడం వచ్చని పరీక్ష రాసి చూపించాలి. అదీ ఇక్కడ వానలు పడేలోగా. ఆ గడువు దాటితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో ఎవరూ చెప్పలేరు.

"పెళ్ళాంతో కాపురానికి ఇంగ్లీషెందుకురా? ఇన్నేళ్ళూ తెలుగులోనే చేశాం కదా," అన్నాను బావమరిదితో.

"చేశారు. చేసిందెలాగుందో చూసే మా అక్క సముద్రం దాటింది," అన్నాడు వాడు.

బావమరిది అన్నాక ఆ మాత్రం అంటాడు. అనిపించుకోవాలి.

నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. నేను పెట్టుకున్న పేరు కాదది. ఎవడైనా మోటారు తెచ్చి "కాలిపోయింది మేస్త్రీ" అంటే, "లేదు, చలేసి ముడుచుకుంది" అంటాను. అలా అనకుండా ఉండలేను. ఫోన్లో మా ఆవిడ "తిన్నారా?" అని అడిగితే, "లేదు, నువ్వొచ్చేదాకా నిరాహారదీక్ష" అనేవాణ్ణి. "ఒంట్లో బాగుందా?" అంటే, "బాగోకపోతే విమానమెక్కి వస్తావా?" అనేవాణ్ణి. ఆమె "సరే, పనుంది" అని పెట్టేసేది. పెట్టేశాక నేను ఆ ఫోను వంకే చూస్తూ కూర్చునేవాణ్ణి. అది ఆమెకి తెలీదు. తెలియాల్సిన అవసరం ఏముందనుకునేవాణ్ణి.

క్లాసులో రెండు రకాల చాకిరీ. ఒకటి రాయడం, రెండోది మాట్లాడడం.

రాయడమంటే ఉత్తరాలు. అద్దె ఇంట్లో కుళాయి కారుతోందని ఇంటాయనకి రాయి, కొన్న కుర్చీ విరిగిందని కొట్టువాడికి రాయి, పక్కింటివాళ్ళు గోల చేస్తున్నారని ఎవరికో రాయి. ఇందులో నన్ను మించినవాడు ఆ గదిలో లేడు. నాకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషుతోనే ఆ ఇంటాయన్ని ఉతికి ఆరేశాను. మా బావమరిది నా ఉత్తరం అందరికీ చదివి వినిపించాడు.

"చూశారా? ఫిర్యాదంటే ఇదీ. మా బావ పుట్టుకతోనే పెద్ద రైటరు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు స్నేహితుడికి కృతజ్ఞత చెబుతూ రాయమన్నాడు. నేను కాగితం ముందు పెట్టుకుని గంట మోగేదాకా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

"ఏం బావా?"

"ఎవడికి చెప్పాలిరా కృతజ్ఞత? నాకెవడేం చేశాడు?"

"ఊహించుకో."

"ఊహకి కూడా అందట్లేదు."

మాట్లాడడం ఇంకో రకం. ఒక చీటీ ఇస్తారు. దానిమీద ఒక విషయం. కాసేపు ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆగకుండా చెప్పాలి. మా బావమరిది దగ్గర అన్నిటికీ జవాబులు వండి పెట్టి ఉంటాయి. మీ ఇంట్లో ఉన్న పాత వస్తువు గురించి చెప్పమంటే తాతగారి గడియారం. తాతగారు దాన్ని రోజూ తుడిచేవారు, పోయేముందు నా చేతికిచ్చారు, అది చూసినప్పుడల్లా నాకు సమయం విలువ గుర్తొస్తుంది. గదిలో ఉన్న పిల్లలందరికీ ఒకే తాత, ఒకే గడియారం. ఒకరి తర్వాత ఒకరు లేచి పాపం ఆ తాతని చంపి గడియారం తీసుకుంటున్నారు.

"మా తాతకి గడియారం లేదురా. ఆకాశం చూసి టైము చెప్పేవాడు," అన్నాను.

"పరీక్షవాళ్ళకి మీ తాత అక్కర్లేదు బావా. నువ్వు ఆగకుండా మాట్లాడ్డం కావాలి. నిజమా అబద్ధమా ఎవడూ అడగడు."

సరేనని నేను కూడా ఆ తాతని దత్తత తీసుకున్నాను. కొట్లో తీగ చుట్టేటప్పుడు కూడా అదే జపం. మా పనిలో తీగ చుట్టేటప్పుడు నోరు మెదపకూడదు. ఒక చేత్తో చుట్టే మిషను పిడి తిప్పుతూ, రెండో చేత్తో తీగని బిగిసీ బిగియకుండా వదులుతూ, చుట్లు మనసులో లెక్కపెట్టుకోవాలి. ఎవరైనా పలకరిస్తే ఆ లెక్కే గట్టిగా పైకి అంటాం. అదే జవాబు, తర్వాత రమ్మని. అలాంటి పని మీద నేను గడియారం పాఠం పెట్టాను. "మై గ్రాండ్‌ఫాదర్ వాచ్" అనుకుంటూ పిడి తిప్పి, లాండ్రీ ఆయన మోటారు చుట్టి ఇచ్చాను.

సాయంత్రానికల్లా ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్లమీద పెట్టాడు. ఇంకా వేడి తగ్గలేదు. వార్నిష్ మాడిన కంపు.

"మేస్త్రీ, దీన్ని కూడా క్లాసుకి తీసుకెళ్ళావా?"

"ఏమైంది?"

"స్విచ్చెయ్యగానే గుర్రుగుర్రుమని ఏదో ఇంగ్లీషు మొదలెట్టింది. నాకేం అర్థం కాలేదు. కాసేపటికి పొగొచ్చింది. పాసైనట్టా, ఫెయిలైనట్టా?"

ఇంకెవరైనా అయితే నాలుగు మాటలు తగిలించేవాణ్ణి. కానీ విప్పి చూస్తే తప్పు నాదే. సగం కాయిల్స్‌లో చుట్లు తగ్గాయి. ఇన్నేళ్ళ పనిలో నా చేతిలో లెక్క తప్పడం అదే మొదలు. మాట్లాడకుండా మళ్ళీ చుట్టిచ్చాను. ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆవిడ దగ్గరికి వెళ్ళడానికేగా? పర్లేదులే," అన్నాడు. ఆ పర్లేదు నాకు మోటారు కంటే ఎక్కువ కాలింది.

ఫోను సంగతి మా బావమరిది పెట్టిన మెలిక. "ఇక ఆదివారం అక్కతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తెలుగు ముక్క దొర్లకూడదు. అక్కకి కూడా చెప్పాను," అన్నాడు.

వారానికొకసారి ఆమెకి సెలవు. నాకు మధ్యాహ్నం భోజనమయ్యే వేళకి అక్కడ ఆమె నిద్ర లేచేది. మంచం మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకునేవాణ్ణి. నెత్తిమీద ఫ్యాను. ఆ ఫ్యానుకో జబ్బుంది. తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. ఊరందరి ఫ్యాన్లూ బాగుచేసి మనింటిది వదిలేశారని ఆమె ఉన్నన్నాళ్ళూ సాధించింది. బాగుచేస్తే నువ్వు సాధించడానికి ఏం మిగులుతుంది అనేవాణ్ణి. ఆమె వెళ్ళాక ఒకరోజు నిచ్చెన వేసి ఎక్కాను కూడా. స్క్రూడ్రైవరు పట్టుకుని కాసేపు చూసి దిగిపోయాను.

మొదటి ఆదివారం ఇద్దరం కొత్తగా పెళ్ళి కుదిరినవాళ్ళలా తడబడ్డాం.

"హలో. హౌ ఆర్ యూ?" అంది. ఇన్నేళ్ళూ మీరు అని పిలిచిన మనిషి యూ అంటే ఎవరో పరాయి ఆవిడ పలకరించినట్టనిపించింది.

"ఐ యామ్ ఫైన్. యూ?"

"ఫైన్. డిడ్ యూ ఈట్?"

నిరాహారదీక్షకి ఇంగ్లీషు ఏమిటో నాకు తెలీదు. వెతుక్కున్నాను, దొరకలేదు. "యెస్. ఐ ఈట్," అన్నాను.

"గుడ్," అంది. ఆ గుడ్ ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. దాని వెనకే ఆమె చిన్న నవ్వు లాంటిదేదో వినబడింది.

అలా గడిచాయి ఆదివారాలు. నా దగ్గర ఉన్న ఇంగ్లీషులో ముళ్ళు లేవు. బాగుంది, బాగాలేదు, కావాలి, వద్దు, చూస్తున్నాను, వస్తాను. చంటిపిల్లాడి నోట్లో ఉండే మాటలు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప వాటితో ఇంకేం చెయ్యలేం. ఆమె అక్కడ మంచు గురించి చెప్పింది. కిటికీ పక్కన ఒక ముసలాయన ఉన్నాడంది, ఆయన రోజూ ఆమెని ఎవరో అనుకుని పలకరిస్తాడంది. నాకు సగమే అర్థమయ్యేది. అర్థం కాని సగంలో కూడా ఆమె గొంతు ఉండేది, అది చాలనిపించేది. మునుపు రెండు మాటల్లో తెగిపోయే ఫోను ఇప్పుడు చెవి వేడెక్కేదాకా సాగేది.

ఒకరోజు మాటల మధ్య ఆమె ఆగింది. "దట్ సౌండ్," అంది. "ఫ్యాన్ ఈజ్ స్టిల్ టాకింగ్?"

పైకి చూశాను. "యెస్," అన్నాను. "ఇన్ హౌస్, ఓన్లీ ఫ్యాన్ టాకింగ్."

తప్పు చెప్పానేమో అనుకున్నాను. క్లాసులో అయితే మా బావమరిది ఎర్రపెన్ను తీసేవాడు.

కాసేపాగి ఆమె తెలుగులో, చాలా చిన్నగా అంది. "మీరు ఇంగ్లీషులో మంచోళ్ళండీ."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె ఆగలేదు.

"ఒక్క మాట అడుగుతాను, తెలుగులోనే చెప్పండి. మీకు నిజంగా రావాలనుందా? లేక తమ్ముడు తోస్తే వస్తున్నారా?"

తెలుగు వినగానే నా నాలుకకి సొంత ఊరొచ్చినట్టయింది. "రాకపోతే మీ తమ్ముడు ఫీజు తిరిగిస్తాడా ఏంటి? కట్టాం కాబట్టి వస్తున్నా," అన్నాను.

మాట నోరు దాటి సముద్రం దాటే లోపలే తెలిసిపోయింది. కానీ దాటిపోయింది.

"సరేనండీ. పనుంది," అంది. పెట్టేసింది.

తర్వాతి ఆదివారం ఫోను రాలేదు. కొట్టు తెరవలేదు నేను. మంచం మీదే కూర్చున్నాను. అన్నం గిన్నె మీద మూత తియ్యలేదు. తలుపు వెనక రెండు మేకులు, ఒకదానికి నా చొక్కా, రెండోది ఖాళీ. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చి, నా కాళ్ళ మీదుగా పాకి, అవతలి గోడెక్కి పోయింది. నేనే చెయ్యొచ్చు కదా అంటారేమో. చెయ్యొచ్చు. చేసి ఏ భాషలో మాట్లాడాలో తేల్చుకోలేకపోయాను.

ఆ వారమంతా క్లాసులో తల ఎత్తలేదు. ఆ పై ఆదివారం మోగింది.

"హలో," అంది. మామూలు గొంతు కాదు. "హౌ ఆర్ యూ?"

"లాస్ట్ సండే ఐ వెయిట్ ఫర్ యువర్ ఫోన్," అన్నాను.

"హౌ లాంగ్?"

"ఫుల్ డే. షాప్ క్లోజ్."

చాలాసేపటికి, "ఓకే," అంది. తర్వాత మంచు కరిగిపోయిందని, కిటికీ ముసలాయన్ని బయట కూర్చోబెట్టామని చెప్పింది. నేను విన్నాను. రావాలనుందా అని మళ్ళీ అడుగుతుందేమోనని ఎదురుచూశాను. ఐ వాంట్ టు కమ్ అని జవాబు బాగా బట్టీపట్టి ఉంచాను. అడగలేదు.

పరీక్షరోజు ఎండ తగ్గి గాలిలో చెమ్మ తగులుతోంది. మా క్లాసు పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. నన్ను చూసి "ఆల్ ది బెస్ట్ అంకుల్" అన్నారు. ముందు రాతపరీక్ష. అది ముగించుకుని బయటికొచ్చేసరికి చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తర్వాత ఒక్కొక్కరినీ మాట్లాడడానికి పిలిచారు. లోపలికి వెళ్ళొచ్చిన పిల్ల నా పక్కన కూలబడి, "పాత వస్తువే అంకుల్! గడియారం చెప్పేశా," అంది. ఆ తర్వాతి కుర్రాడూ అదే చెప్పాడు.

లోపల చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, మాట రికార్డు చేసే పెట్టె. అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, నా వయసుదే. చీటీ ఇచ్చింది. పాత వస్తువు.

"మై గ్రాండ్‌ఫాదర్ వాచ్," అని మొదలుపెట్టాను.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, అంతే. పొద్దుట్నించి ఆవిడ ఎన్ని గడియారాలు విన్నదో! నాకెందుకో ఆవిడ మీద జాలేసింది.

"నో వాచ్," అన్నాను. "సారీ. ఇన్ మై హౌస్, వన్ ఫ్యాన్."

చెప్పాను. పాత ఫ్యాను. చప్పుడు చేస్తుంది. నేను ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి. మా ఆవిడ బాగుచెయ్యమంది. నేను చెయ్యలేదు. ఇప్పుడు మా ఆవిడ దూరంగా ఉంది. ఇప్పుడు చెయ్యగలను, కానీ చెయ్యను. చేస్తే ఇల్లు మాట్లాడదు. ఇదంతా ముక్కలు ముక్కలుగా, గతం ఏదో వర్తమానం ఏదో తెలీని ఇంగ్లీషులో. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ తల వంచుకుని ఏదో రాసుకుంది. ఆఖరున నిబంధన ప్రకారం ఒక చిన్న ప్రశ్న అడిగింది. మీ ఆవిడ వచ్చాక బాగుచేస్తారా అని.

"యెస్. ఫస్ట్ డే," అన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు మా బావమరిది కొట్టుకొచ్చాడు. నేను మోటారు విప్పుతున్నాను. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాడు జోకు వెయ్యకుండా కూర్చున్నాడంటే నాకు తెలిసిపోయింది.

"మాట్లాడ్డంలో కావాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది బావా. మా క్లాసులో నీదే ఎక్కువ. గడియారాలన్నీ ఆగిపోయాయి."

"మరి?"

"రాయడంలో పోయింది. అర మార్కు తక్కువ." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఏం రాయమన్నాడు?"

"స్నేహితుడింట్లో నాలుగురోజులున్నావు. థాంక్స్ చెబుతూ ఉత్తరం రాయమన్నాడు."

"రాశావుగా?"

"రాశాను. మీ ఇల్లు బాగుంది, భోజనం బాగుంది అని రాశా. ఇంకా చాలా జాగా మిగిలిపోయింది. ఏం రాయాలో తోచక మీ ఇంట్లో కుళాయి కారుతోంది, మంచం కిర్రుమంటోంది, పక్కింటివాళ్ళు గోల చేస్తున్నారు అని..."

వాడు తల పట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనుకున్నాను. తల ఎత్తాక చూస్తే కాదు.

"అక్కకి నేను చెప్పనా?" అన్నాడు.

"వద్దు. రేపు ఆదివారమే కదా. నేనే చెప్తాను."

ఆదివారం పొద్దుట్నించి మబ్బేసి ఉంది. ఫోను మొదటి మోతకే ఎత్తాను.

"హలో! రిజల్ట్ కేమ్?"

"పరీక్ష అయిపోయిందిగా. ఇక తెలుగులోనే," అన్నాను.

"అమ్మో," అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ అమ్మోలో భయం నాకు వినబడింది.

"పోయింది. రాతలో, అర మార్కులో."

ఇద్దరికీ తెలుసు, గడువు తీరిపోయింది. నా నాలుక చివర అప్పటికే ఒక మాట తయారుగా ఉంది. పోనీలే, మీ ఊరి కుళాయిలు బతికిపోయాయి అని. అంటే ఆమె "సరేనండీ, పనుంది" అంటుంది. అలవాటైన దారి. కళ్ళు మూసుకుని కూడా పోవచ్చు.

పైన ఫ్యాను టక్కు టక్కుమంటోంది. ఇంగ్లీషులో నా దగ్గరున్న మాటల్ని ఒక్కొక్కటే తెలుగులోకి మార్చుకున్నాను.

"నువ్వు లేకపోతే ఇంట్లో బాగోలేదు," అన్నాను. "ప్రతి ఆదివారం నీ ఫోను కోసం చూస్తూ ఉంటాను. నాకు రావాలనే ఉంది. మొదట్నించీ ఉంది."

అంతే. ఒకటో క్లాసు పిల్లాడు పలక మీద రాసే మాటలు. అవి చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.

ఫోను తెగిపోయిందేమోనని చూసుకున్నాను. తెగలేదు.

"ఏవండీ," అంది చివరికి. గొంతు జీరపోయింది, నవ్వో మరొకటో తెలియలేదు. "ఎవరండీ మాట్లాడేది? ఇది మా ఆయన నంబరు. ఆయన పక్కనుంటే ఒకసారి ఇస్తారా?"

"లేడు," అన్నాను. "పరీక్షకని వెళ్ళాడు. ఇంకా రాలేదు."

"వస్తే నేను అడిగానని చెప్పండి."

"చెప్తాను."

ఇద్దరం పెట్టలేదు. బయట తొలి చినుకులు రేకుల మీద పడ్డాయి. కాసేపు అది వింటూ కూర్చున్నాను. ఆమెకి వినబడిందో లేదో.

"ఫ్యాను ఇంకా మాట్లాడుతోందా?" అంది.

మంచమెక్కి నిలబడి, ఫోను పైకెత్తి పట్టుకున్నాను.